నరహరి పట్టు

నరహరి సూరత్‌కు వచ్చిన పదకొండో రోజు ఒక మనిషి చెవి కొరికాడు.

అప్పుడతనికి పందొమ్మిదేళ్ళు. సిరిసిల్లలో సాంచాల మీద నేత పని సన్నగిల్లితే మేనమామ వెంట రైలెక్కి వచ్చి, ఉధ్నాలో ఒక మరమగ్గాల షెడ్డులో చేరాడు. తెగిన దారం చూసుకోకుండా గుడ్డ పాడుచేశాడని కూలీల మీద పెత్తనం చేసే ముకద్దం అందరి ముందూ చెంప పగలగొట్టాడు. నరహరి ముకద్దం మీదికి దూకి ఎడమ చెవిని పళ్ళతో పట్టుకున్నాడు. నలుగురు చేరి వీపు మీద బాదినా, ఒకడు జుట్టు పట్టి వెనక్కి గుంజినా వదల్లేదు. చివరికి మొహాన బకెట్టెడు నీళ్ళు కొడితే ఊపిరాడక నోరు తెరిచాడు. అప్పటికి చెవి సగం వేలాడుతోంది. నరహరి గడ్డం మీది నుంచి రక్తం కారి చొక్కా తడిసింది. ఆ రక్తం అతనిది కాదు.

ఆ షెడ్డులో పని పోయింది. వేరే షెడ్లలో కూడా ఎవరూ రానివ్వలేదు. మూడు రోజులు పస్తులతో తిరుగుతుంటే సోమలింగం అనే ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనదీ సిరిసిల్ల పక్కనే, అప్పటికే పదిహేనేళ్ళుగా సూరత్‌లో సాంచాలు నడుపుతున్నాడు. తెలుగు కూలీలంతా ఆయన్ని కాక అని పిలిచేవారు. నరహరిని పట్టుకుని తెలుగు కూలీలుండే నవాగామ్ వాడకు తీసుకుపోయి అన్నం పెట్టించి, చేయి కడుక్కున్నాక అడిగాడు.

"అంత మంది కొట్టినా ఎందుకు ఇడవలేదురా?"

"నాకే తెల్వది కాకా. పట్టుకుంటే ఇడవ బుద్ధికాదు."

"అట్లాంటోడే కావాలె నాకు. కానీ పళ్ళతోని గాదు, చేతులతోని పట్టాలె."

గదుల వరసల వెనక ఒక సర్కారు జాగా ఉండేది. ముళ్ళకంప కొట్టి, రాళ్ళేరి, తెలుగువాళ్ళు దాన్ని కబడ్డీ మైదానం చేసుకున్నారు. కాక ఆ ఆట ఎందుకు మొదలుపెట్టాడంటే, అంతకు ముందు రెండేళ్ళలో ఆ వాడలో ముగ్గురు కత్తిపోట్లతో చచ్చిపోయారు. పన్నెండు గంటలు మగ్గాల చప్పుడులో నిలబడి బయటికొచ్చిన పడుచు పిల్లలకు ఒంట్లో ఇంకా ఏదో మిగిలి ఉండేది. అది తాగుడులోకో కత్తిలోకో పోయేది. కాక దాన్ని మట్టిలోకి మళ్ళించాడు. అక్కడ ఆయన చట్టం ఒకటే. పట్టుకో, గుంజు, ఎత్తి పడెయ్యి. పిడికిలి బిగించావంటే మాత్రం మూడు వారాలు గీత అవతల కూర్చోవాలి.

కాక పూచీ మీద నరహరికి మళ్ళీ మగ్గం పని దొరికింది గానీ, మైదానంలో మొదటి ఏడాది ఎక్కువ కాలం గీత అవతలే కూర్చున్నాడు. ఒకసారి కూతకొచ్చినవాడి పక్కటెముకలు విరిచాడు. ఒకసారి రెఫరీని తన్నాడు. కాక తిట్టలేదు, మాటా తప్పలేదు. లెక్కబెట్టి మూడు వారాలు కూర్చోబెట్టేవాడు. ఎప్పుడు మారాడో నరహరికే తెలియదు. కానీ పాతికేళ్ళు వచ్చేసరికి సూరత్ తెలుగు జట్లలో ఎడమ మూలన అతనంత పట్టు ఉన్నవాడు లేడని పేరొచ్చింది. వచ్చినవాడి చీలమండ అతని చేతికి చిక్కిందంటే అంతే, వాడు బొక్కబోర్లా పడి మట్టి తినాల్సిందే. అతని కాలర్ ఎముక రెండుసార్లు విరిగింది, ముందు పన్ను ఊడింది, మోచేయి పూర్తిగా చాపలేడు. అయినా ఆ తర్వాతి ఇరవై ఏళ్ళలో మైదానం బయట ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు.

నీరజతో పెళ్ళయిన రెండేళ్ళకు ఆమె తల్లిదండ్రులు ఒకే వర్షాకాలంలో పోయారు. ఎనిమిదేళ్ళ తమ్ముడు సంపత్‌ను ఆమె సూరత్ తెచ్చుకుంది. నరహరి దంపతులకు పిల్లలు కలగలేదు. సంపత్‌నే కొడుకులా పెంచారు. వాడు నవాగామ్ సందుల్లో పెరిగి, హిందీలో తిట్టి, గుజరాతీలో బేరమాడి, తెలుగులో అన్నమడిగేవాడు. పదహారేళ్ళకే కూతకు పోయే వాళ్ళలో మొనగాడయ్యాడు. వాడికి బలం తక్కువ, కొలత ఎక్కువ. ఎదుటివాడి భుజానికి తన వేలికొసకు మధ్య ఎంత దూరముందో వాడి కళ్ళకు వెంట్రుకవాసి తేడా లేకుండా తెలిసేది. తాకి, చెయ్యి వెనక్కి తీసుకునేదాకా తాకినట్టే తెలియనిచ్చేవాడు కాదు. సాధన ఆటల్లో బావ పట్టుకు చిక్కకుండా తప్పించుకున్న మొనగాడు వాడొక్కడే.

ఇరవై ఆరేళ్ళకు సంపత్ పని పోయింది. కరెంటు బిల్లు మొయ్యలేక, బావా వాడూ పనిచేసే షెడ్డు యజమాని సేఠ్ సగం మగ్గాలు ఆపేశాడు. సంపత్ ఏడవలేదు. ఆరు నెలలు సోలార్ ప్లేట్లు బిగించే పని నేర్చుకుని ఒక కంపెనీలో చేరాడు. పాండేసర మిల్లుల కప్పులెక్కి పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే ఒంటి మీద దూది పోగు ఉండేది కాదు. మా ఇంట్లో దగ్గు రాని మొదటి మగాడు వీడేనని నీరజ మురిసిపోయేది.

ఆ ఎండాకాలంలో పార్లమెంటులో ఎండ కరెంటు చట్టానికి పెట్టిన బిల్లు మీద చర్చ జరిగింది. మధ్యాహ్నం కాక గదిలో పదిమంది చేరారు. తెలుగు కార్మికుల సంఘం నాయకుడు రాంప్రసాద్ తన పెద్ద ఫోను గోడకు ఆనించి పెట్టాడు. నవాగామ్ మైదానం కూడా ఆ పథకంలోకి పోతోందని అతనే కబురు తెచ్చాడు.

మంత్రి లేచి, నేత పట్నాల్లో ఖాళీగా పడి ఉన్న ప్రతి సర్కారు జాగాలో సోలార్ ప్లేట్లు పరిస్తామన్నాడు. యూనిట్ ధర తగ్గితే మూతపడ్డ మగ్గం మళ్ళీ ఆడుతుందన్నాడు. బల్లలు చరిచారు. తర్వాత ప్రతిపక్షం నుంచి ఒకామె లేచింది. ఒకప్పుడు పరుగుపందేల్లో దేశానికి ఆడిన మనిషట.

"అధ్యక్షా, మంత్రిగారు ఖాళీ జాగా అంటున్నారు. అక్కడ పొద్దు వాలితే వందమంది ఆడుతుంటారు. ఆడేది కూలీలైతే ఆ జాగా మీ కాగితాల్లో ఖాళీ అయిపోతుందా? నేను ఎండకు శత్రువును కాను. ఎండలో పరిగెత్తే ఇక్కడిదాకా వచ్చాను."

"ఆట కడుపు నింపుతుందా?" అని అవతలి బల్లల నుంచి ఎవరో అరిచారు.

"ఆట లేకపోతే ఆ చేతులు ఏం పని చేస్తాయో మీ పోలీసుల్ని అడగండి."

కాక గదిలో ఈలలు వేశారు. కాక మాత్రం తలూపి ఊరుకున్నాడు. గంట గడిచాక మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గింది. సభలో అవునన్న కేక ఎంత పెద్దగా వినిపించిందంటే ఫోను జారి బోర్లా పడింది.

"మన గ్రౌండ్ సర్వే ఎవడు చేసిండో వాని కాళ్ళు ఇరగ్గొట్టాలె," అన్నాడు నరహరి.

సంపత్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "మా కంపెనీయే, మేమే చేసినం బావా."

అందరూ గుమ్మం వైపు తిరిగారు.

"మంత్రి చెప్పిందాంట్ల తప్పేముంది? బిజిలీ బిల్లు కట్టలేకనే గదా సేఠ్ నన్ను ఎల్లగొట్టిండు. రేపు నిన్ను గూడ ఎల్లగొడతడు. సస్తా కరెంట్ వస్తే వందమందికి పని దొరుకుతది. ఆట వేరే జాగల ఆడుకోవచ్చు."

"మిల్లు కప్పుల మీద పెట్టుకోమను."

"అవన్నీ నిండినయ్. మిగిలినయి పాత రేకులు, బరువు ఆగయ్. ఎక్కి చూసినోన్ని నేను, నువ్వు గాదు."

"ఈ మట్టిల నేర్పిన నీకు. ఈ మట్టినే అమ్ముకుంటవా?"

"అమ్ముకునుడు ఏంది? పని చేస్తున్న. నీ లెక్క దూది మింగుకుంట సచ్చుడు నాకు చాతగాదు."

నరహరి చెయ్యి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. చప్పుడు మాత్రం అందరూ విన్నారు. సంపత్ కింది పెదవి చిట్లి, రక్తం గడప మీద చుక్కలు పడింది. ఇరవై ఏళ్ళ తర్వాత అదే మొదటి దెబ్బ. సంపత్ పెదవి తుడుచుకుని బయటికి నడిచాడు. అదే వారం గది మారిపోయాడు.

"మూడు వారాలు," అన్నాడు కాక, నరహరి వైపు చూడకుండానే.

నాలుగు నెలలకు జేసీబీలు వచ్చాయి. పొద్దున ఎనిమిది గంటలకు రెండు ట్రాక్టర్ల నిండా ఇనుప పైపులు, వాటి వెనక జీపుల్లో కంపెనీ గార్డులు ముప్పైమంది దాకా దిగారు. అందరి చేతుల్లో లాఠీలున్నాయి. కొందరి లాఠీలకు చివర ఇనుప తొడుగులున్నాయి. అప్పటికే నలభైమంది ఆటగాళ్ళు మైదానంలో నిలబడి, గొలుసుగా ఒకరి మణికట్టు ఒకరు పట్టుకున్నారు. అరవై దాటిన కాక మధ్యలో నిలబడ్డాడు. ఆయనకొక పక్కన నరహరి.

"ఎవ్వరు చెయ్యి ఎత్తొద్దు," అన్నాడు కాక. "పట్టుకోని ఉండుండ్రి. అంతే."

పావుగంట హెచ్చరికలు నడిచాయి. ఆ తర్వాత గార్డులు లాఠీలతో మణికట్ల మీద కొట్టడం మొదలుపెట్టారు. గొలుసు ఎక్కడ విడిపోతుందో వాళ్ళకు బాగా తెలుసు. ఎముక మీద కర్ర పడిన చప్పుడు, దాని వెంటే కేక. ఒకచోట గొలుసు తెగింది. ఎవరో వెనక నుంచి రాయి విసిరారు. అది ఒక గార్డు నుదుటి మీద పడింది. ఇక ఆగేదేముంది. లాఠీలు తలల మీద పడ్డాయి. ఇటుకలు గాలిలో లేచాయి. ఒకతను తెగిన చూపుడు వేలిని రెండో చేత్తో పట్టుకుని, ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరిగాడు. కాక రెండు చేతులూ పైకెత్తి "ఆగుండ్రి, ఆగుండ్రి" అంటూ మధ్యకు పోయాడు. లావుపాటి గార్డొకడు ఆయన పక్కటెముకల మీద అడ్డంగా కొట్టాడు. కాక మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అదే చోట మళ్ళీ కొట్టాడు.

నరహరి ట్రాక్టర్ మీది నుంచి ఒక పైపు గుంజాడు. ఆ లావుపాటి గార్డు దవడ మీద కొట్టాడు. దవడ పక్కకు పోయింది. గార్డు నోట్లోంచి పళ్ళూ రక్తమూ కలిసి జారాయి. నరహరి ఆగలేదు. కిందపడ్డవాడి భుజం మీద కొట్టాడు, మోకాలి మీద కొట్టాడు. ఆ కొట్టడంలో చేతులకు ఒక సుఖం ఉంది. పైపు మళ్ళీ పైకెత్తినప్పుడు ఎవరో వెనక నుంచి నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకున్నారు.

"బావా! సచ్చిపోతడు బావా, ఆపు!"

ఆ గొంతు ఎవరిదో నరహరికి తెలిసింది. ప్లేట్లు బిగించేవాళ్ళు పెట్టుకునే కంపెనీ పసుపు టోపీ కంటి కొసన కనబడింది. ఒక్క విదిలింపుతో ఆ పట్టు విడిపించుకుని, వెనక్కి తిరుగుతూనే పైపు తిప్పాడు.

పైపు కొస సంపత్ కుడికంట్లో దిగింది.

వాడు రెండు చేతులతో మొహం కప్పుకుని, కూత అయిపోయినవాడిలా మెల్లగా కూర్చున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారింది. దాంతో పాటే తెల్లగా చిక్కటిదేదో కారింది. నరహరి చేతిలోంచి పైపు జారిపోయింది. చుట్టూ దుమ్ము, ఎవరి గోల వాళ్ళది. ఆ దెబ్బ చూసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు మాత్రమే, వాళ్ళూ జట్టువాళ్ళే. ఇంతలో పోలీసు వ్యాన్లు దిగాయి. లాఠీ నరహరి మెడ మీద, వీపు మీద, అరికాళ్ళ మీద పడింది. అతను మొహం అడ్డం పెట్టుకోలేదు.

గార్డును చంపబోయాడని, అల్లర్లు చేశాడని కేసు పెట్టి జైలుకు పంపారు. సంపత్ సంగతి ఆ కేసులో లేదు.

పదో రోజు రాంప్రసాద్ ములాఖాత్‌కు వచ్చాడు. ఇనుప జాలీ అవతల అతని మొహం వెలిగిపోతోంది.

"నరహరీ, మన కథ ఢిల్లీ దాక పోయింది. అప్పుడు మనదిక్కు మాట్లాడిన ఎంపీ ఆమె సభల సంపత్ ఫొటో ఎత్తి చూపెట్టింది. కట్టు కట్టిన కన్ను. 'కంపెనీ గార్డులు ఒక కార్మికుని కన్ను తీసిన్రు, ఇదేనా మీ ఎండ కరెంటు' అని అడిగింది. పెద్ద లొల్లయింది. సభ రెండుసార్లు బంద్ పడ్డది. గ్రౌండ్ల పని ఆపమని ఆర్డర్ వచ్చింది."

"గార్డులు అని ఎవరు చెప్పిన్రు?"

"నేనే పంపిన కాయితం."

"సంపత్ ఏమన్నడు?"

"దుమ్ముల ఏం కనపడలేదన్నడు. ఆమెకు నిజం తెల్వది, తెల్వొద్దు గూడ. నువ్వు నోరు మూసుకో, చాలు."

ఇంకో రెండు వారాలకు నీరజ వచ్చింది. కాక ఆస్పత్రిలో పోయాడని చెప్పింది. విరిగిన ఎముక ఊపిరితిత్తిలో దిగిందట, పందొమ్మిది రోజులు కొట్టుకున్నాడట. నరహరి జాలీకి నుదురు ఆనించి ఏడ్చాడు. అతని ఏడుపు ఆగేదాకా ఆమె చూస్తూ నిలబడింది.

"తమ్ముని కన్ను డాక్టర్లు తీసేసిన్రు. రెండోది ఆగుతదో లేదో అన్నరు, ఆగింది." ఆమె గొంతులో తడి లేదు. "నువ్వు అడగవేంది?"

నరహరి తల ఎత్తలేదు.

"నాకు ఎవ్వరు చెప్పలే. నువ్వు అడగకపోతే గిప్పుడు తెలిసింది, కొట్టింది నువ్వేనని." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గ్రౌండ్ కోసం కొట్టినవా, వాడు నీకు ఎదురు నిలవడ్డడని కొట్టినవా? గది చెప్పు నాకు."

అంతలో గంట కొట్టారు. ఆమె వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

జైల్లో ఒకడు, నవాగామ్ పహిల్వాన్ అంటే నువ్వేనా అని రెచ్చగొట్టి కడుపులో గుద్దాడు. నరహరి కదలకుండా నిలబడ్డాడు. వాడు విసుగెత్తేదాకా గుద్దాడు. ఆ రోజు మూత్రంలో రక్తం పడింది.

నాలుగున్నర నెలలకు బెయిల్ దొరికింది. రాంప్రసాద్ దండలతో, డప్పులతో వచ్చాడు. మైదానంలో కాక ఫొటో పెట్టి పక్కన నరహరిని నిలబెట్టారు. ఒకవైపు పాతిన పైపులు తుప్పు పట్టి ఉన్నాయి. మిగతా జాగాలో కుర్రాళ్ళు మళ్ళీ గీతలు గీసుకున్నారు. మైదానం సంగతి తేలేదాకా ఆట నడుస్తుందన్నారు. నరహరి మెడలోంచి దండ తీసి చేతిలో పట్టుకుని, డప్పులు మోగుతుండగానే సంపత్ గదికి నడిచాడు.

తలుపు తీసింది నీరజే. అక్కాతమ్ముళ్ళిద్దరూ అక్కడే ఉంటున్నారు. ఆమె పక్కకు జరిగింది. సంపత్ నేల మీద కూర్చుని స్టీలు గ్లాసులోకి నీళ్ళు వంచుకుంటున్నాడు. నీళ్ళు గ్లాసు పక్కన పడుతున్నాయి. కుడికన్ను ఉండాల్సిన చోట రెప్ప లోపలికి కుంగి, కుట్టేసినట్టు ఉంది.

"ఎందుకొచ్చినవ్?"

"సంపత్..."

"నేను నోరు మూసుకున్న. ఎవరి కోసం అనుకుంటున్నవ్? అక్క కోసం. నీ కోసం గాదు. డప్పులు వింటున్న పొద్దటి సంది. హీరో అయినవ్ నువ్వు." వాడు లేచాడు. "గార్డుల లాయర్ వచ్చి అడిగిండు. రాంప్రసాద్ వచ్చి ఫొటో తీసుకుండు. అందరికి నా కన్ను కావాలె. కొట్టినోడు మాత్రం వచ్చి, కొట్టిన అని ఒక్క మాట అనలే."

పిడికిలి బిగించి నరహరి మొహం మీదికి విసిరాడు. అది తగల్లేదు. చెంపకు బెత్తెడు దూరంలో గాలిని కోసుకుంటూ పోయి తలుపు చెక్కకు తగిలింది. వేళ్ళ కణుపులు చిట్లాయి. వాడు తన చేతి వైపు, నరహరి మొహం వైపు మార్చి మార్చి చూశాడు. వెంట్రుకవాసి దూరం కనిపెట్టే మనిషి. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ బావ ఎంత దూరంలో ఉన్నాడో తెలియడం లేదు. వాడి మొహంలో కోపం పోయి భయం లాంటిది వచ్చింది. నరహరికి ఆ భయమే ఎక్కువ తగిలింది.

సంపత్ మళ్ళీ చెయ్యి ఎత్తాడు. ఈసారి నరహరి ఒక అడుగు ముందుకు జరిగి మొహం ఆ చేతికి అందేలా పెట్టాడు. పిడికిలి ముక్కు మీద పడింది. ఇంకోటి, ఇంకోటి. నరహరి గోడకు ఒరిగి కింద కూర్చున్నాడు. సంపత్ కాలితో తన్నాడు, ఏడుస్తూ తన్నాడు. చివరికి నీరజ వచ్చి తమ్ముణ్ణి నడుము పట్టుకుని వెనక్కి లాగింది.

"నేనే కొట్టిన," అన్నాడు నరహరి నెత్తురు మింగుతూ. "పసుపు టోపీ చూసిన. నువ్వని తెల్సు. తెలిసే తిప్పిన పైపు."

ఆ మాట నీరజ కూడా విన్నది. జాలీ దగ్గర అడిగినదానికి అదే జవాబు.

మర్నాడు అతను లాయర్ దగ్గరికి పోయి ఇదే చెప్పాడు. లాయర్ తల పట్టుకున్నాడు. రాంప్రసాద్ పరుగున వచ్చాడు.

"పిచ్చి లేసిందా నీకు? కన్ను గార్డులు తీసిన్రన్న మాట మీదనే పని ఆగింది. అది అబద్ధమని తెలిస్తే కాక ముచ్చట గూడ అబద్ధమే అంటరు. ఆయన్ని సంపినోళ్ళు బయటికొస్తరు. ఢిల్లీల ఆమె మొకం ఎక్కడ పెట్టుకుంటది? గ్రౌండ్ పోతది!"

"కాకను గార్డే కొట్టిండు. అది సుత చెప్త. చూసింది చూసినట్టు, చేసింది చేసినట్టు చెప్త."

"సగం నిజం ఎవడు నమ్ముతడు?"

"నమ్మకపోతే మానె."

పోలీసు స్టేషనులో రాసుకునేవాడు రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. రెండు రోజుల్లో పేపర్లలో వచ్చింది. పార్లమెంటులో ఆ బిల్లు గెలిపించినవాళ్ళు లేచి, అబద్ధపు ఫొటో చూపిన సభ్యురాలు క్షమాపణ చెప్పాలని గోల చేశారు. ఆమె లేచి చెప్పింది కూడా. కన్ను గురించి తనకు తప్పుడు సమాచారం వచ్చిందనీ, ముసలాయన చావు గురించి మాత్రం ఒక్క అక్షరం వెనక్కి తీసుకోననీ అంది. ఆ రెండో మాట కేకల్లో ఎవరికీ వినబడలేదు. పని ఆపమన్న ఆర్డరు రద్దయింది.

జేసీబీలు మళ్ళీ వచ్చిన రోజు సాయంత్రం, పాలు తేవడానికి పోతున్న నరహరిని సందులో ఆరుగురు అడ్డుకున్నారు. అందరూ అతని దగ్గర పట్టు నేర్చుకున్నవాళ్ళే. అందులో ఒకడు వేలు తెగినవాడు.

"కాకను అమ్ముకున్నవ్," అన్నాడు వాడు. "ఒక్క మాట మింగితే పోయేదానికి."

నరహరి పాలగిన్నె గోడ పక్కన పెట్టాడు. కింద పడేసి తొక్కారు. ఇద్దరు చేతులు అదిమి పట్టారు. ఒకడు బండరాయి ఎత్తి ఎడమ చీలమండ మీద వేశాడు. ఎముక చిట్లిన చప్పుడు సందంతా వినబడింది. పైన మేడ మీద ఆడవాళ్ళు అరిచారు. కొట్టినవాళ్ళు పారిపోలేదు, నడుచుకుంటూ పోయారు. ఎవరు కొట్టారని పోలీసులు అడిగితే, తను చేసింది మాత్రమే చెప్తాననీ, వాళ్ళు చేసింది వాళ్ళే చెప్పుకోవాలనీ అన్నాడు. అందులో ఒకడు మాత్రం నెల తర్వాత ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన గంటసేపు కూర్చుని పోయాడు.

వానాకాలానికి మైదానం నిండా సోలార్ ప్లేట్లు పరుచుకున్నాయి. కరెంటు పాండేసర మిల్లులకు పోయింది. అక్కడ కొందరికి పని దొరికింది, అబద్ధమేమీ కాదు. నరహరి సేఠ్ ఆపిన మగ్గాలు మాత్రం మళ్ళీ ఆడలేదు. సంపత్‌ను కప్పుల మీదికి ఎక్కనివ్వడం లేదు కాబట్టి కింద కూర్చుని మీటర్లు చూసే పని ఇచ్చారు. కాకను కొట్టిన గార్డు కేసు నడుస్తూనే ఉంది. నరహరి కట్టు కట్టిన కాలితోనే పోయి అందులో సాక్ష్యం చెప్పి వచ్చాడు.

అతని మీది కేసు తీర్పు వచ్చిన రోజు కోర్టులో జనం లేరు. సంపత్‌ను ముందే పిలిచి అడిగారు. కొట్టింది ఎవరంటే, "మా బావనే" అన్నాడు. ఇంకేమైనా చెప్పాలా అంటే లేదన్నాడు. జడ్జి నరహరిని, ఒప్పుకుంటున్నావా అని అడిగితే ఒప్పుకుంటున్నానన్నాడు. గార్డు దవడకూ సంపత్ కంటికీ కలిపి అయిదేళ్ళు వేశారు.

పోలీసు అతన్ని వరండాలోకి తీసుకొచ్చాడు. బెంచీ మీద నీరజ ఉంది, ఆమె పక్కన సంపత్. నరహరి వాళ్ళ ముందు నుంచే పోవాలి. అతను కర్ర ఊతంతో, ఎడమ కాలు ఈడ్చుకుంటూ, తల వంచుకుని నడిచాడు. బెంచీ దాటబోతుంటే సంపత్ గొంతు వినబడింది.

"కాలు ఎట్లుంది?"

నరహరి ఆగాడు. పోలీసు కూడా ఆగాడు.

"అతుకుతదన్నరు. జర టైం పడతదట."

నీరజ లేచి, అతని కోసం తెచ్చిన సంచీ పోలీసు చేతికిచ్చింది. అందులో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి ఉన్నాయి. సంచీ చూసి పోలీసు తలూపాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ మెట్లు దిగి ఎండలోకి వెళ్ళారు.

నరహరి వ్యాన్ ఎక్కాడు.